ఎడమకు జరిపిన గీత

పాడైంది ఇయర్‌ఫోను కాదు. చెవి. ఆ సంగతి నాకు ఆ క్షణమే తెలుసు. తెలిసీ, ఇయర్‌ఫోనే పాడైందని చెప్పాను. మూడేళ్ళుగా ఈ నాలుగు ముక్కలు మోస్తున్నాను. ఇంట్లో చెప్పలేదు, బయటా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకైతే చెప్పగలననిపిస్తోంది.

ముందు నా పని గురించి చెప్పాలి. తిరువళ్ళూరు దాటాక ఒక ఫ్యాక్టరీలో ఇయర్‌ఫోన్లు తయారుచేస్తారు. బల్ల మీదికి వచ్చిన ప్రతి పీసునూ చెవుల్లో పెట్టుకుని, పొద్దస్తమానం అదే శబ్దాన్ని వింటూ, బాగున్నది ఒక ట్రేలో, బాగులేనిది ఇంకో ట్రేలో వేయడం నా ఉద్యోగం. చేరిన రోజే మాకొక పాఠం చెబుతారు. ఒక పక్క సౌండు తగ్గినట్టనిపిస్తే పీసును వెంటనే పక్కన పడేయకూడదు. ఎడమది తీసి కుడి చెవిలో, కుడిది తీసి ఎడమ చెవిలో పెట్టుకోవాలి. లోపం కూడా పక్క మారితే తప్పు పీసుది. అదే చెవిలో నిలిచిపోతే తప్పు చెవిది, లేచి వెళ్ళి డాక్టరుకు చూపించుకోవాలి. ఇంతకంటే సులువైన పరీక్ష ఇంకోటి లేదు.

ఈ పని వల్ల, తిరుత్తణిలో పొద్దున బయలుదేరే మా రైలు పెట్టెలో నాకొక హోదా వచ్చింది. తక్కువ రేటులో మంచి సౌండు ఏదని నన్ను అడగనివాళ్ళు లేరు. అడగడమే ఆలస్యం, నేను మొదలుపెట్టేవాణ్ణి. అట్టపెట్టె మీది బొమ్మ చూసి మోసపోవద్దు, దడదడలాడితే మంచి సౌండు కాదు, సగం వాల్యూములో పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవడం వినబడితే అదీ మంచి పీసు, చెవిలో దూరే రబ్బరు మీ చెవికి సరిపోకపోతే ఎంత పెట్టి కొన్నా దండగే. సగం తమిళం, సగం తెలుగు. నా ఉపన్యాసం నాకే ముద్దుగా ఉండేది.

సలోమి అక్క అట్లాగే పరిచయం. తిరుత్తణిలోనే ఎక్కుతుంది. తిరువళ్ళూరులో ఒక బడిలో ఆయా. వాళ్ళ చర్చిలో పాటల బృందంలో రెండో గొంతు ఆమెది. అంటే అందరూ పాడే వరసకు కిందగా, వేరే వరసలో పాడాలి. పక్కవాళ్ళ గొంతు వింటూనే వాళ్ళ వెంట పోకుండా నిలబడాలి. ఆ వరస రైల్లో నేర్చుకోవడానికి ఇయర్‌ఫోన్లు కావాలంది. మూడు రకాలు తెచ్చి, అదే పాట మూడింటిలోనూ వినిపించాను. మూడోది పెట్టుకోగానే ఆమె మొహం మారిపోయింది. "ఒరే తమ్ముడా, దీంట్లో మనుషులు వేరువేరుగా వినపడతా ఉండారు" అంది. అంత మంచి మాట నా పనికి ఇంకెవరూ అనలేదు.

వాళ్ళాయన దానం బావకు మాత్రం ఇష్టం లేదు. చెవిలోకి దూరేవి పెట్టుకుంటే చెవుడొస్తుందని ఆయన పట్టు. ఒకరోజు ప్లాట్‌ఫారం మీద అందరి ముందూ అదే మాటన్నాడు. నాకు రోషమొచ్చింది. "నా పూచీ బావా. దినమంతా నా చెవుల్లో ఇవే ఉంటాయి. నాకేమైనా అయ్యిందా?" అన్నాను. ఆ పూచీ ఎవరడిగారు నన్ను? ఎవరూ అడగలేదు. నోటి దురద.

రెండు నెలలకు ఒక సోమవారం, అక్క ఎక్కీ ఎక్కగానే ఇయర్‌ఫోన్లు నా చేతిలో పెట్టింది.

"ఈ ఎడమ పక్కది సౌండు కమ్మి అయిపొయ్యింది తమ్ముడా. ఏందో చూడు."

నేను పెట్టుకుని విన్నాను. రెండు పక్కలా సమానంగా ఉంది. అలవాటు కొద్దీ చేతులు వాటి పని అవి చేసేశాయి. ఎడమది ఆమె కుడి చెవిలో, కుడిది ఎడమ చెవిలో పెట్టాను.

"ఇప్పుడక్కా?"

"ఇప్పుడూ ఎడమ పక్కే కమ్మిగా ఉండాది. పొద్దున లేచినప్పట్నించి గుయ్యిమంటా ఉండాది కూడా." నా మొహంలోకి చూసి, "నా చెవేమన్నా చెడిపొయ్యిందా ఏంది?" అంది.

అడిగింది. నేరుగా అడిగింది. అవునక్కా, చూపించుకో అంటే సరిపోయేది. నాకేమో ఆమె చెవి గుర్తుకు రాలేదు, దానం బావ గుర్తుకొచ్చాడు. ప్లాట్‌ఫారం మీద ఆ మనుషులంతా, నా పూచీ, రేపు పెట్టెలో వాళ్ళు నన్ను చూసే చూపు.

"చెవి కాదక్కా, పీసు. అప్పుడప్పుడు ఇట్లాంటివి వస్తాయి. గుయ్యిమనేది జలుబుకు. వేరేది తెస్తా" అన్నాను.

ఇంతవరకే అయితే భయంలో నోరు జారిందని సర్దిచెప్పుకునేవాణ్ణేమో. అక్కడితో ఆగలేదు. వారం తర్వాత కొత్తది తెచ్చాను. అదీ ఎడమ పక్క తక్కువగానే వినబడుతుందని నాకు తెలుసు. అందుకని, పాట పెట్టిస్తానంటూ ఆమె ఫోను తీసుకున్నాను. సెట్టింగుల్లో లోపలెక్కడో, ఎడమ కుడి సౌండును సరిచూసే గీత ఒకటి ఉంటుంది. దాని మీది చుక్క మధ్యలో ఉంటే రెండు పక్కలా సమానం. దాన్ని ఎడమకు జరిపాను. తిరువాలంగాడు వచ్చేలోపు ఆమె రెండు చెవుల్లోనూ పాట సమంగా పలికింది. "అబ్బ, ఇప్పుడు బాగుండాది" అని నా భుజం తట్టింది. నేను నవ్వాను. ఎట్లా నవ్వానో ఇప్పటికీ తెలియదు.

నా ఆ నవ్వును నమ్మి ఆమె ఇంకో రెండు వారాలు డాక్టరు దగ్గరికి పోలేదు. ఒకరోజు బడిలో ఎవరో ఇచ్చిన ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే, అవతల మనిషి మాట్లాడుతున్నట్టే తెలియలేదట. అప్పుడు పోయింది. చెవిలోపలి నరం దెబ్బతింది, ఉన్నట్టుండి ఇట్లా వినికిడి తగ్గితే మొదటి వారంలోనే రావాలి, అప్పుడైతే మందులతో తిరిగొచ్చే అవకాశం ఉండేది, ఇప్పుడు కష్టం అన్నాడట డాక్టరు. ఇయర్‌ఫోను వల్లనా అని దానం బావ గట్టిగానే అడిగాడట. కాదు, దానికీ దీనికీ సంబంధం లేదు, ఇది ఎవరికైనా వస్తుంది అన్నాడట.

ఇదంతా అక్కే రైల్లో చెప్పింది, నన్ను ఓదారుస్తూ. "నీ మింద ఏ తప్పూ లేదని డాక్టరే చెప్పినాడు. మీ బావకు కూడా చెప్పినాను. నువ్వేం మనసులో పెట్టుకోబాక." నేను నిజం చెప్పి ఉంటే నా పూచీకి ఏ మచ్చా వచ్చేది కాదు. ఆమె చెవీ నిలిచేదేమో. నిలిచేదో లేదో డాక్టరు కూడా ఖాయంగా చెప్పలేదు. ఆ 'ఏమో'ను ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకున్నానో. తొందరగా పోవాలని నాకు తెలియదు, నిజమే. చెవి అని తెలుసు కదా? తెలుసు. మరి తెలియనిదాన్ని అడ్డం పెట్టుకుంటానెందుకు?

ఆ పొద్దున ఇంకో పని చేశాను. అక్క కళ్ళు తుడుచుకుంటుంటే, టైము చూస్తానని ఫోను తీసుకుని, ఆ చుక్కను మళ్ళీ మధ్యకు జరిపేశాను. ఎవరైనా చూస్తారేమోనని. నా వల్ల ఒక మనిషి ఏడుస్తుంటే నేను గుర్తులు చెరుపుతూ కూర్చున్నాను. నేనెలాంటివాణ్ణని మీరడిగితే ఇదే చూపించాలి.

ఇప్పుడు ఆమె బృందంలో పాడదు. ఎడమ పక్క నిలబడేవాళ్ళ గొంతు తెలియక రెండుసార్లు వరస తప్పిందట. పాస్టరమ్మ ఏమీ అనలేదు, తనే దిగి వెనక బెంచీలో కూర్చుంది. పాట మొదలైతే పెదాలు కదుపుతానంతే అని తనే చెప్పింది. నా ఇయర్‌ఫోన్లు బీరువాలో దాచిందట, తమ్ముడు ప్రేమగా ఇచ్చినవి అని.

నేను అదే బల్ల దగ్గర అదే పని చేస్తున్నాను. రైల్లో ఎవరైనా ఏది కొనమంటావని అడిగితే తెలియదంటాను. పొగరు పెరిగిందనుకుంటున్నారు. అనుకోనీ. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజు పాఠం ఇప్పుడు నేనే చెప్పాలి. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. తప్పు ఎవరిదో అప్పుడు తెలుస్తుంది అనే చోటికి రాగానే ఆపి మంచినీళ్ళు తాగుతాను.

ఇది రాస్తుంటే ఛాతీ మీద బరువు కొంచెం జరిగినట్టుంది. క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. ఆమెకు చెబుతానా? చెబుతానని రాసి మళ్ళీ అబద్ధమాడలేను.

రేపు పొద్దున కూడా రైల్లో సలోమి అక్క కిటికీ పక్కకు జరిగి, తన కుడి వైపు నాకు చోటు ఉంచుతుంది. ఆ వైపు ఇంకెవరినీ కూర్చోనివ్వదు. "ఈ పక్కకు రా తమ్ముడా, నువ్వు చెప్పేది నాకు బాగా వినపడాల" అంటుంది. మూడేళ్ళుగా ఆ మంచి చెవి పక్కనే కూర్చుని ఎండ గురించి, రైలు ఆలస్యం గురించి, నా పిల్లల చదువు గురించి చెబుతూ వస్తున్నాను.