హమేషాకి నాలుగు మార్కులు

కష్టం వస్తే ఏం చేస్తావని అడిగిన పాపానికి, ఆ జవాబుతోనే కొత్త కష్టం తెచ్చుకున్న ఘనురాలిని నేను. రాయపూర్‌లో రైల్వే వ్యాగన్లు బాగుచేసే వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మా నాన్న పరువు వ్యాగన్ కింద పడ్డంత పని ఎలా అయిందో వినండి.

పదో తరగతి బోర్డు పరీక్షల ముందు మా బడికి ఒక కౌన్సిలర్ మేడమ్ వచ్చారు. పిల్లలు ఒత్తిడిని ఎలా తట్టుకుంటారో కొలుస్తానని హిందీ కాగితాలు పంచారు. బాధ కలిగితే ఏడుస్తాను, నిద్రపోతాను, అందరితో మాట్లాడతాను, ఎవరితోనూ మాట్లాడను... ఇలా వాక్యాలు. ఎదురుగా అసలే చేయను అనే ‘కభీ నహీ’కి సున్నా, ఎప్పుడూ చేస్తాను అనే ‘హమేషా’కి నాలుగు. మా ఇంట్లో మార్కు వదిలేయడమంటే అన్నం పారబోయడమే. అన్నిటికీ హమేషా పెట్టేశాను. ఇవి మార్కులు కావేమోనని పక్కనున్న అమ్మాయి గొణిగింది. పాపం, ఓర్వలేకపోతోందనుకున్నాను.

ఇంట్లో కూడా అదరగొట్టానని చెప్పాను. అందుకే బడి నుంచి పిలుపు రాగానే నాన్న వర్క్‌షాపు బట్టలతోనే, దారిలో మిఠాయి పొట్లం కొనుక్కుని మరీ వచ్చారు.

బాధ కలిగితే మీ అమ్మాయి ఒకేసారి ఏడుస్తూ, పరుగెడుతూ, నిద్రపోతుందట అని మేడమ్ నవ్వు ఆపుకుంటూ చెప్పారు. చివరి వాక్యం చదివారు. “నాన్నతో చెప్పుకుంటాను. హమేషా.”

నాన్న నవ్వలేదు. నావైపు తిరిగి, “నాతో ఎప్పుడు సెప్పినావే?” అన్నారు.

లెక్కల పుస్తకం తెరవాలంటేనే భయమన్న సంగతి ఆయనకు ఒక్కసారీ చెప్పలేదు. అప్పుడు ఏడ్చాను చూడండి, ‘ఏడుస్తాను’ దగ్గర పెట్టిన ఆ ఒక్క హమేషా నిజమే అనిపించేంతగా.

మేడమ్ కొత్త కాగితం ఇచ్చారు. నాన్న చూస్తుండగానే ఆయన వాక్యం దగ్గర సున్నా పెట్టాను. నా జీవితంలో అంత కష్టమైన సున్నా లెక్కల్లో కూడా రాలేదు.

తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. నాన్న స్కూటర్ ఆపి మిఠాయి పొట్లం విప్పారు.

“సున్నాకీ తినొచ్చులే. ముందు ఆ లెక్కల టెన్షనేటో సెప్పు.”

చెప్పాను. గూడ్సు బండి వెళ్లిపోయింది, గేటు లేచింది. వెనకవాళ్లు హారన్లు కొడుతున్నా నాన్న స్కూటర్ కదపలేదు, నేను పూర్తిచేసేదాకా.

ఆ మిఠాయి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. నాలుగు ఉంది కదా అని ఇక ఏ కాగితంలోనూ నాలుగు పెట్టను. నాన్న వాక్యం దగ్గరైతే సంపాదించాకే పెడతాను. ఇప్పటికి మూడు దాకా వచ్చాను.