కాఫీ పూత కోసం

మా ఎదురింటి పెద్దమ్మ పోయింది. ఆ గురువారం తెల్లారి పాల ప్యాకెట్టు తెచ్చుకుంటుంటే, గడప మీద కూర్చున్న ఆవిడ కోడలు, "మాయత్త యెలిపోనాది, టీచరమ్మా" అంది. నా నోటి వెంట వచ్చిన మొదటి మాటకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "రాత్రి వాన పడిందా?" అన్నాను.

బదిలీ మీద అరకు వచ్చిన కొత్తలో నాకు చెట్లంటే చెట్లే. మాఘం వెళ్ళగానే సాయంత్రాలు నన్ను ఊరి చుట్టూ తిప్పింది పెద్దమ్మే. స్టేషను వెనక మోదుగలు, సంత దారిలో బూరుగలు, ఆ తర్వాత మామిడి పూత. ఓసారి మోదుగ కనబడిందని షేర్ ఆటో ఆపించి దిగిపోయింది. చూసి చూసి పావుగంట నిలబడింది. ఆటో మమ్మల్ని వదిలేసి పోయింది. నేను విసుక్కుంటే, "ఆటో మళ్ళీ వత్తాది. ఈ పువ్వు రేపటికి రాలిపోతాది" అంది. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చాం, నేను తిట్టుకుంటూ, ఆవిడ నవ్వుకుంటూ.

అన్నిటికన్నా ఆవిడకు కాఫీ పూత ఇష్టం. మా వీధి వెనక కొండవాలులో ఆవిడకో చిన్న తోట ఉంది. పూసిన మూడు రోజులూ, పూత రాలుతుందని, అందులోకి ఎవర్నీ అడుగు పెట్టనిచ్చేది కాదు, తనూ వెళ్ళేది కాదు. ఇంటి తలుపు మాత్రం ఆ మూడు రోజులూ బార్లా తీసే ఉంచేది.

నిరుడు షుగరు ఆవిడ కళ్ళు తీసుకుపోయింది. ఈ ఏడు కిడ్నీలు. విశాఖ డాక్టర్లు ఇంటికి పంపేశారు. మంచంలోంచి నా చెయ్యి పట్టుకుని, "మోదుగ ఇంక సూడ్నేను. కాఫీకి కళ్ళెందుకే గుంటా? ఒక్కపాలి వాసన వస్తే సాలు" అంది.

కాఫీ పూత చూడనివాళ్ళకు చెప్పాలి. మంచి వాన పడితేగాని ఆ మొగ్గ విచ్చదు, తడిసిన తొమ్మిది పది రోజులకు పూస్తుంది. ఈ ఏడు చుక్క లేదు. దేవుణ్ణి బతిమాలాను, తిట్టాను. చివరికి ఆవిడ పెరట్లోని రెండు కాఫీ మొక్కలకు బోరింగు దగ్గర్నుంచి బిందెలు మోశాను. చాలనుకున్నాను. వారం తిరిగేసరికి మొగ్గలు గులాబీ రంగుకు తిరిగి బిగుసుకుపోయాయి. సగం తడుపు పెడితే కాఫీ మొగ్గ చెడిపోతుందని ఇక్కడ చిన్నపిల్లలకూ తెలుసట. నాకు తెలియలేదు.

ఒక రెమ్మ తుంచి ఆవిడ చేతిలో పెట్టాను. మొగ్గల్ని వేళ్ళతో తడిమింది. "నీళ్ళు సాల్నేదే" అంది. నేను ఏడ్చేశాను. "ఏటా ఏడుపు? మోసినావు గదా" అంటూ రెమ్మను ముక్కు దగ్గర పెట్టుకుని, "ఆకు వాసనొస్తంది" అంది. మూడో రోజున పోయింది.

ఆవిణ్ణి మట్టి చేసి తిరిగి వస్తుంటే వాన కురిసింది. మంచి వాన అన్నారంతా. నేను దారిలోనే కూలబడి ఆకాశాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

పదో రోజుకు కొండవాలు తెల్లబడింది. పెరట్లో నేను నీళ్ళు పోసిన ఆ రెండు మొక్కలు మాత్రం పూయలేదు. వాసన వీధంతా నిండితే భరించలేక కిటికీలు మూసుకున్నాను. కానీ ఎదురింటి తలుపు వేసి ఉంది. కోడలు పుట్టింటికి వెళ్తూ తాళంచెవి నాకే ఇచ్చింది. చివరికి లేచి వెళ్ళి తలుపు రెక్కలు రెండూ బార్లా తెరిచాను. గడప మీద కూర్చుని, లోపలి ఖాళీ నులక మంచం దాకా గాలికి దారి వదిలాను.