రడ్డర్ మీద మగ్గం కాలు

ఆ రోజు చక్రాలు నేలను తాకేదాకా అంతా బాగానే ఉంది. నాగర్‌కర్నూల్ దగ్గరి రన్‌వే మీద, నడపడం నేర్చుకుంటూ నేను దించుతున్నది, తోక కింద చిన్న చక్రం ఉండే రెండు సీట్ల విమానం. నేల మీద అది తిన్నగా పోవాలంటే రడ్డర్ పెడల్స్‌ను కొంచెం కొంచెంగా తొక్కి వదులుతూ ఉండాలి. పక్కగాలికి ముక్కు ఎడమకు తిరిగింది. మాది గద్వాలలో నేత కుటుంబం. అడ్డదారాన్ని మోసే నాడె ఈ అంచు నుంచి ఆ అంచుకు పోయేదాకా మగ్గం కింద తొక్కిన కర్రను వదలకూడదని చిన్నప్పుడే నేర్చిన కాలు నాది. కుడి పెడల్‌ను అడుగుదాకా తొక్కి పట్టాను.

"వదులమ్మా, వదులు!" అని ఇన్‌స్ట్రక్టర్ అరిచేలోపే విమానం కుడికి గిర్రున తిరిగి రెక్క నేలకు కొట్టుకుంది. ఆయనకు ఏమీ కాలేదు. నా కుడి పాదం పెడల్ కింద ఇరుక్కుంది.

అమ్మానాన్నలు తీసుకెళ్లిన గద్వాల దవాఖానలో డాక్టర్ ఎక్స్‌రే చూసి, "యాంకిల్ ఫ్రాక్చర్. ప్లేట్ వేయాలె. ఎట్ల పడ్డవమ్మా?" అన్నారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ, "స్కూటర్ మీదికెళ్లి పడ్డది సార్" అంది. విమానం సంగతి తెలిస్తే చుట్టాల నోళ్లు ఊరుకోవని ఆమె భయం. నొప్పిలో నేనూ ఊరుకున్నాను.

సర్జరీ, ప్లాస్టర్, వాకర్, ఫిజియోథెరపీ. పరామర్శకు వచ్చినవాళ్లంతా స్కూటర్‌ను తిట్టిపోసేవారు. పాపం, అది వాకిట్లో చిన్న గీత కూడా లేకుండా మెరుస్తూ ఉండేది.

నడక వచ్చింది. "నయమైంది, ఇగ రానక్కరలేదు" అన్నారు డాక్టర్. సంబరంగా మగ్గం గుంతలోకి కాళ్లు దించి కూర్చుని తొక్కబోతే కుడి కర్ర సగం కూడా దిగలేదు. పాదం కిందికి వంగడం లేదు. ఇక విమానం నడపలేనేమోనని అక్కడే ఏడ్చేశాను.

"గిట్ల ఏడిస్తె ఏమొస్తది బిడ్డా? పా, డాక్టర్ సారుకు నిజం చెప్దాం" అన్నాడు నాన్న.

చెప్పాం. డాక్టర్ పగలబడి నవ్వారు. "విమానమా! గా ముక్క ముందే చెప్పొద్దా? నేను నడిచేటందుకే కాలు తయారుచేసిన!"

ఫిజియోథెరపీ మళ్లీ మొదలైంది, ఈసారి ఖాళీ మగ్గం మీద. మెల్లగా తొక్కాలి, వెంటనే వదలాలి. ఒకరోజు ఉత్సాహం ఆపుకోలేక ఎడాపెడా తొక్కితే వాపు వచ్చింది, తిట్లూ పడ్డాయి. "జర ఓపిక పట్టు, విమానం యాడికి పోతది?" అని నాన్న ఐస్ పెట్టాడు.

మెడికల్ ఫిట్‌నెస్ వచ్చాక మొన్న అదే రన్‌వే మీద దిగాను. పక్కగాలి గట్టిగానే ఉంది. పాదాలు ఒక్క క్షణం ఆగకుండా ఆడాయి, విమానం మధ్యగీత మీదే వచ్చి ఆగింది. ఇన్‌స్ట్రక్టర్ చేతులు కట్టుకునే కూర్చున్నారు. నేను మాత్రం ఏడ్చాను, ఈసారి సంతోషంతో.

మీకు చెప్పేది ఒక్కటే. డాక్టర్ దగ్గర సిగ్గుపడి దాచకండి. ఏ పని మళ్లీ చేయాలని మీ ప్రాణం కొట్టుకుంటోందో, ముందు అదే చెప్పండి.