టికెట్ లేని కీర్తిశేషులు

కృపానందం గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. తాను చచ్చిపోయానంటారు. మిగతా విషయాల్లో అంత నిదానమైన, మర్యాద తెలిసిన మనిషి మా బందరు రైల్లో ఇంకొకరు లేరు.

ఎవరైనా "బాగున్నారా?" అని పలకరిస్తే, "లేనండీ, ఉప్పెనలో పోయాను. మీరు కులాసాయేనా?" అని ఎదురు కుశలం అడుగుతారు. "ఒంట్లో ఎలా ఉంది?" అంటే, "ఒళ్ళు పోయాక సుఖంగా ఉందండీ" అంటారు. దగ్గొస్తే పక్కకు తిరిగి దగ్గి, "పాత అలవాటు, ఏమీ అనుకోకండి" అని సంజాయిషీ ఇస్తారు.

ఆయన నాకు తగిలింది ఉప్పెన వచ్చిన మరుసటేడు, మంచు దట్టంగా పడే రోజుల్లో. నేను గవర్నర్‌పేటలో ఒక కాగితాల హోల్‌సేల్ కొట్లో గుమాస్తాని. కాపురం గుడివాడలో. పొద్దున రైల్లో బెజవాడ వెళ్ళి సాయంత్రం రైల్లో ఇల్లు చేరేవాణ్ణి. ఆ సాయంత్రం రైలు పెట్టెల్లో దీపాలు వెలిగితే ప్రయాణికులం ఒకరికొకరం శుభాకాంక్షలు చెప్పుకునేవాళ్ళం. చెప్పుకునే అవసరం ఎప్పుడో గాని వచ్చేది కాదు.

ఒకరోజు సందెచీకట్లో పరుగెత్తుకుంటూ వచ్చి ఎక్కాను. పెట్టె కిక్కిరిసి ఉంది. మనిషి మీద మనిషి. అయినా చివరన రెండు బెంచీలు దాదాపు ఖాళీ. కిటికీ దగ్గర గొంగళి ముసుగేసుకుని ఒక ఆకారం, ఎదురుగా జామకాయల గంపతో ఒక ముసలామె, అంతే. ఈ జనానికి కళ్ళు లేవా అనుకుంటూ వెళ్ళి ఆ ఆకారం పక్కన కూలబడ్డాను. నా చెయ్యి ఆ చేతికి తగిలింది. బావిలోంచి అప్పుడే తీసిన ఇత్తడి చెంబులా చల్లగా ఉంది.

"కొంచెం అటు జరుగుతారా అండీ?" అంది గొంగళి. ఆ గొంతు ఇసకలో పడవని ఈడ్చినట్టుంది. "మావాళ్ళు కూర్చుంటారు."

చుట్టూ చూశాను. "ఎవరండీ?"

"ఉప్పెనలో నాతోపాటు పోయినవాళ్ళు. ఎక్కువ చోటు అక్కర్లేదు లెండి, సర్దుకుంటారు."

నేనే సర్దుకున్నాను. సర్దుకుని సర్దుకుని బెంచీ చివరికొచ్చి, అక్కణ్ణించి లేచి నిలబడ్డాను.

కాస్త ఇవతల ఖాళీ పాలక్యాన్ మీద కూర్చున్న హనుమయ్య నవ్వాడు. తరిగొప్పుల మనిషి, బెజవాడలో పాలు పోస్తాడు. "ఈ పెట్టెకి కొత్తా బాబుగారూ? ఆయన పేరు కృపానందం. బందరు అవతల ఒక ఊళ్ళో టూరింగ్ టాకీసు గేటు మనిషి. టికెట్టు లేకపోతే కన్నతండ్రినైనా డేరాలోకి రానిచ్చేవాడు కాదు. ఉప్పెనకి డేరా, తెర, బెంచీలు, ఊళ్ళో సగం మంది అంతా పోయారు. తర్వాత ఈయన ఖాకీ కోటేసుకున్న శవం దొరికింది. మొహం గుర్తుపట్టేట్టు లేదు. జేబు మీద ఎర్రదారంతో కృపానందం అని కుట్టుంది. పేరు చూసి, ప్రార్థన చేసి, మట్టి చేసేశారు. కొన్నాళ్ళు పోయాక ఒక సాయంత్రం, కాలవగట్టు మీద నడుచుకుంటూ ఊళ్ళోకొచ్చాడు."

"అయితే బతికే ఉన్నాడన్నమాట!"

"అందరూ అదే అన్నారండి. ఆయనే ఒప్పుకోలేదు."

"మరి ఆ ముసలామె?"

హనుమయ్య గొంతు తగ్గించాడు. "అమలమ్మ. ఈయన ఊరే. కొడుకు జాన్‌బాబు ఆచూకీ ఆ ఉప్పెననాటి నించీ లేదు. బెజవాడ వైపు వచ్చేశాడని ఆవిడ నమ్మకం. జామకాయల పేరు చెప్పి రోజూ వచ్చి వెతుకుద్ది. ఈయన తోడొస్తాడు. అదిగో, వినండి."

రైలు ఉప్పులూరులో ఆగింది. బయట మంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. స్టేషన్ దీపం కూడా ఎవరో ఊది ఆర్పబోతున్నట్టు మిణుకు మిణుకుమంటోంది. అమలమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి, "జాన్‌బాబూ... ఒరే జాన్‌బాబూ..." అని పిలిచింది. పెట్టెలో కొవ్వొత్తి పెట్టుకుని ఆడుతున్న పేకాటవాళ్ళు చేతిలో ముక్క చేతిలోనే పట్టుకుని ఆగిపోయారు. ఆ పిలుపు మంచులోకి వెళ్ళింది గాని, ఎక్కడా తగిలి తిరిగి రాలేదు.

ప్రతి స్టేషన్లోనూ ఇదే. మొదట్లో రైలు ఆగుతుందంటేనే భయమేసేది. కానీ మనిషి దేనికైనా అలవాటు పడతాడు. నెల తిరిగేసరికి నేనూ ఆ బెంచీ మీదే కూర్చోవడం మొదలుపెట్టాను. "మీ పక్కన మా బావ ఉన్నాడండీ, మోచెయ్యి చూసుకోండి" అని కృపానందం గారంటే, ఖాళీ జాగా వైపు తిరిగి "సారీ అండీ" అనే దాకా వచ్చాను.

ఆయన టికెట్ తియ్యడం మాత్రం ఎవరూ ఎన్నడూ చూడలేదు. పాత టీసీ భక్తిపరుడు. గొంగళి కనపడితే దూరం నుంచే ఒక దణ్ణం పెట్టి వెనక్కి తిరిగేవాడు. ఆయన బదిలీ అయ్యాక తిరుపతిరావు అనే కుర్రటీసీ వచ్చాడు. నల్లకోటు కొత్తది, పట్టుదల అంతకంటే కొత్తది.

ఆ సాయంత్రం కూడా దీపాలు లేవు. తిరుపతిరావు టార్చిలైటు పట్టుకుని ఒక్కొక్కరినీ అడుగుతూ మా బెంచీ దగ్గరికొచ్చాడు. "టికెట్?"

"చచ్చినవాడికి టికెట్టేంటండీ?" అంది గొంగళి.

తిరుపతిరావు టార్చి వేశాడు. వెలుగులో ముందు తెల్లగడ్డం, దాని పైన లోతుగా రెండు కళ్ళు కనపడ్డాయి. ఆ వెంటనే టార్చి ఆరిపోయింది. టీసీ దాన్ని అరచేత్తో కొట్టి చూశాడు. వెలగలేదు.

"పరాచికాలొద్దు. టికెట్ లేకపోతే ఛార్జీతోపాటు ఫైను కట్టాలి."

"మీ రూల్సులో పెద్దాళ్ళకి టికెట్టుంది, పిల్లలకి అరటికెట్టుంది, కుక్కకీ ఉంది. పోయినవాళ్ళకి ఉందా అండీ?"

"ఎందుకు లేదూ! శవాన్ని తీసుకెళ్ళడానికి వేరే ఛార్జీ ఉంది!"

"అది పెట్టెలో పెట్టి నలుగురు మోసుకొస్తే కదండీ. నేను నా కాళ్ళ మీద నేనొచ్చాను. రైల్వేవారికి ఏం శ్రమ పెట్టాను?"

జనం కిసుక్కుమన్నారు. తిరుపతిరావుకి పౌరుషం వచ్చింది. "పోయినవాడివైతే నీకు సీటెందుకు? లే!"

"లేస్తానండీ. కానీ నాతోపాటు వీళ్ళంతా లేవాలి. మీరిప్పుడు నిలబడింది మా మేనత్త కాళ్ళ మీద."

టీసీ గభాలున వెనక్కి గెంతాడు. అంతలో రైలు ఏ స్టేషనూ లేనిచోట పొలాల మధ్య ఆగింది. ఇంజను కూడా ఊపిరి బిగబట్టినట్టుంది. అమలమ్మ కిటికీలోంచి పిలిచింది. "జాన్‌బాబూ..."

"ఓయ్..."

ఎక్కడో దూరంగా, మంచు అవతల నుంచి వచ్చింది ఆ గొంతు. పొలం కాపున్న మనిషో, గేదెల్ని తోలుకెళ్ళేవాడో, నాకు ఇప్పటికీ తెలీదు. అమలమ్మ కిటికీ ఊచలు పట్టుకుని అలాగే ఉండిపోయింది. రైలు కదిలింది.

"కంగారు పడకండి. మావాళ్ళే" అన్నారు కృపానందం గారు. అన్నారు గాని, ఆయన కూడా గొంగళి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు.

తిరుపతిరావు చెమట తుడుచుకున్నాడు. అయినా వదల్లేదు. "రేపు పొద్దున బెజవాడ స్టేషన్లో మేజిస్ట్రేటు కోర్టుంది. అక్కడ చెప్పుకో. ఈయన వస్తాడని ఎవరు పూచీ?"

అందరూ నా వైపు చూశారు. ఆ విధంగా ఒక కీర్తిశేషుడికి నేను జామీనుదారునయ్యాను.

మర్నాడు కోర్టు గది నిండిపోయింది. మేజిస్ట్రేటు గారు పెద్దాయన, రిటైర్మెంటుకి దగ్గరలో ఉన్నారు.

"పేరు?"

"కీర్తిశేషులు కృపానందం అండీ."

మేజిస్ట్రేటు గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "ఏం చేస్తుంటావు?"

"ఉన్నప్పుడు గేటు మనిషినండీ. పోయాక ఖాళీయే."

"నువ్వు చచ్చిపోతే మరి ఈ మాట్లాడేదెవరయ్యా?"

"అదే నాకూ అంతుపట్టడం లేదండీ."

"సాక్షులున్నారా?"

"నేనున్నానండీ" అంటూ వెనకనుంచి అమలమ్మ లేచింది. "ఈ అన్నయ్య పోయాడండీ. ఈ చేతుల్తోనే మన్నేశాను."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తలమీద తిరుగుతున్న ఫ్యాను కీచుమంటూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో బంట్రోతు మెల్లగా ఒంగి, ముద్దాయి పాదాలు ముందుకున్నాయా వెనక్కున్నాయా అని చూశాడు. కృపానందం గారు పంచె కిందికి లాక్కున్నారు. బంట్రోతు గుమ్మం దాకా వెనక్కి నడిచాడు.

"అయ్యా, ఒక్క మాట తమతో విడిగా మనవి చేసుకోవాలి" అన్నారు కృపానందం గారు.

మేజిస్ట్రేటు గారు లోపలి గదిలోకి పిలిచారు. కేసు పెట్టినవాడు కాబట్టి తిరుపతిరావు, పూచీ కాబట్టి నేను కూడా వెళ్ళాం. కృపానందం గారు తలుపు తానే వేసి, అమలమ్మ దగ్గర్లో లేదని సందులోంచి చూసుకుని, బనీను లోపల్నుంచి ఒక చిన్న అట్టముక్క తీసి బల్లమీద పెట్టారు. సీజన్ టికెట్! బందరు నుంచి బెజవాడకి. గడువు కూడా ఉంది.

తిరుపతిరావు ఏడ్చినంత పనిచేశాడు. "ఇది నిన్ననే చూపించి ఉంటే సరిపోయేది కదండీ!"

"గేటు మనిషినండీ. టికెట్ లేకుండా కూర్చుంటే నాకు ముల్లు మీద కూర్చున్నట్టుంటుంది. కానీ ఎదురుగా చెల్లెమ్మ ఉంది. టికెట్ తీశానంటే బతికున్నట్టే కదా."

"బతికుంటే ఏం?" అన్నారు మేజిస్ట్రేటు గారు.

కృపానందం గారు మొదటిసారి ముసుగు పూర్తిగా తీశారు. మామూలు మనిషి. అలిసిపోయిన ముసలాయన.

"ఆ సాయంత్రం గాలి లేచాక జాన్‌బాబు డేరా దగ్గరికొచ్చాడండీ, తడిసి వణుకుతూ. నా కోటు విప్పి వాడికి తొడిగాను. తర్వాత నీళ్ళొచ్చాయి. నేను తాటిచెట్టు పట్టుకుని ఎక్కడో తేలాను. ఊరికొచ్చేసరికి నాకు సమాధి కట్టేశారు. నన్ను చూసి అందరూ తలుపులేసుకున్నారు. ఈమె ఒక్కతే బయటికొచ్చి, 'అన్నయ్యా, నువ్వు బతికుంటే మేం మన్నేసింది ఎవరికి?' అనడిగింది. ఆ కళ్ళు చూశాక నిజం చెప్పలేకపోయానండీ. 'నాకే చెల్లెమ్మా' అన్నాను. ఇక అక్కణ్ణించి వెనక్కి రాలేకపోయాను. నేను పోయినంతకాలం ఆమె కొడుకు ఎక్కడో ఉన్నట్టే."

మేజిస్ట్రేటు గారు చాలాసేపు కళ్ళజోడు తుడిచారు. తిరుపతిరావు గోడ వైపు తిరిగి, గోడమీద ఏమీ లేకపోయినా చదువుతున్నాడు.

బయటికొచ్చి, అమలమ్మకి వినపడేలా గట్టిగా చెప్పారు మేజిస్ట్రేటు గారు. "ఈ మనిషి పోయాడనడానికి గట్టి సాక్ష్యం ఉంది. పోయినవాళ్ళ దగ్గర ఫైను వసూలు చెయ్యడం కుదరదు. కేసు కొట్టేస్తున్నాను. కాకపోతే ఓయ్ కృపానందం, ఇకనుంచీ మీ బంధువులందర్నీ వెంటబెట్టుకు రాకు. బతికున్నవాళ్ళు నిలబడాల్సొస్తోంది."

"చిత్తం. మా మేనత్తకి చెప్తానండీ" అన్నారు కృపానందం గారు.

ఆ సాయంత్రం రైల్లో మళ్ళీ చీకటే. తిరుపతిరావు మా బెంచీ దాకా వచ్చి, గొంగళిని దాటుతూ తలవంచి, "మీరు పోయారు కదండీ, కూర్చోండి" అని ముందుకెళ్ళాడు. పొద్దుటి హడావిడికి అలిసిపోయారేమో, బండి బయల్దేరిన కాసేపటికే కృపానందం గారు కిటికీకి తల ఆనించి నిద్రపోయారు. నా గుండెలో మాత్రం ఆ రహస్యం బండరాయిలా ఉంది. అమలమ్మ వైపు చూడలేక చీకట్లోకి చూస్తున్నాను.

"లోపల నిజం చెప్పేశాడా బాబుగారూ?" అంది అమలమ్మ, జామకాయలు సర్దుకుంటూ.

నేను ఉలిక్కిపడ్డాను. "ఏ నిజం?"

"కోటు సంగతి." ఆమె గొంతు నిబ్బరంగా ఉంది. "మొహం తెలీకపోతే ఏమండీ, కాళ్ళు చూస్తే తల్లికి తెలీదా? మన్నేసిన రోజే తెలుసు నాకు. అయినా ఈయన గట్టు మీద నడిచొస్తుంటే ఆశపుట్టి అడిగాను. 'నాకే చెల్లెమ్మా' అన్నాడు. అప్పుడు ఆయన మొహం చూడాలి మీరు. నాకంటే ఆయనే ఎక్కువ చచ్చిపోయున్నాడు. ఇల్లు లేదు, మనిషి లేదు. తిండి మానేసి ఆ గట్టుమీదే కూర్చునేవాడు. ఏం చెయ్యను? 'బెజవాడలో పిల్లోణ్ణి వెతకాలి, తోడు రా అన్నయ్యా' అన్నాను. అప్పుడు లేచాడు. ఇప్పుడు నాకంటే ముందే తల దువ్వుకుని స్టేషన్లో ఉంటాడు."

"మరి రోజూ ఆ పిలుపు?"

"తల్లిని కదా బాబుగారూ. రోజుకోసారైనా వాడి పేరు నోటినిండా పలకాలనిపిస్తది."

కిటికీ మూల నుంచి రంపపుకోత లాంటి గురక మొదలైంది. కొవ్వొత్తి చుట్టూ పేకాటవాళ్ళు తలెత్తి చూసి మళ్ళీ ఆటలో పడ్డారు. అమలమ్మ లేచి, జారిపోయిన గొంగళి పైకి లాగి, ఆయన చెవులకి చలి తగలకుండా కప్పింది.

నాకు ఉండబట్టలేదు. "అదేంటమ్మా! మీకు తెలుసని ఆయనకి తెలీదు. ఇద్దరూ ఒక్కసారి నిజం చెప్పేసుకుంటే..." అని గొంతు పెంచాను.

అమలమ్మ నోటికి వేలు అడ్డం పెట్టుకుంది.

"మెల్లగా మాట్టాడండి బాబుగారూ. లేచాడంటే మళ్ళీ చచ్చిపోవాలి, పాపం!"