దాచుకున్న దగ్గు

ఆ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మనిషిని అందరూ జిగురు బాబాయ్ అనేవారు. యాభై నాలుగేళ్లు, పెళ్లి చేసుకోలేదు. నేలమాళిగలో ఒక బల్ల, సూదులు, దారపు కండెలు, జిగురు డబ్బా, ముప్పై ఏళ్లుగా అదే ఆయన లోకం. పిలిస్తే పలికేవాడు, లేకపోతే లేదు.

కిందటేడు ఆయన మెడలో గడ్డ లేచింది. లింఫ్ గ్రంథుల క్యాన్సర్ అన్నారు. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు ఉద్యోగం మానుకుని వచ్చి, ఆరు నెలలు కంటికి రెప్పలా చూసుకుంది. కీమోతో గడ్డ కరిగిపోయింది. ఇక భయం లేదని డాక్టరు చెప్పాక ఆమె తన ఊరికి వెళ్లి, ఎన్ని గడపలు తొక్కిందో గాని, మళ్లీ ఒక ఉద్యోగం సంపాదించుకుంది.

ఆమె అందులో చేరి నెల తిరక్కుండానే ఆయనకు పొడిదగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే ఆయాసం. పాత కాగితాల దుమ్మేలే అని సర్దిచెప్పుకున్నాడు. చెల్లెలు ఫోన్ చేస్తే, దగ్గు వచ్చినప్పుడల్లా ఫోను దిండు కింద పెట్టేవాడు. మాటలు తెగిపోతున్నాయేమని ఆమె అడిగితే నెపం సిగ్నల్ మీదికి నెట్టేవాడు.

చివరికి ఆసుపత్రికి వెళ్లక తప్పలేదు. స్కానులో రెండు ఊపిరితిత్తుల్లోనూ మచ్చలు కనిపించాయి. జబ్బు తిరగబెట్టి ఉండొచ్చని, చిన్న ముక్క తీసి చూస్తేగాని తేలదని డాక్టరు అన్నాడు. ఆయన తలూపి వచ్చేశాడు. చెల్లెలికి చెబితే మర్నాడే మూటాముల్లె సర్దుకుని వచ్చేస్తుంది. ఆ ఉద్యోగమూ పోతుంది.

పరీక్ష రోజున, తోడు లేనిదే చేయలేమన్నారు. ఫోనులో పేర్లన్నీ రెండుసార్లు చూసి, గ్రంథాలయ అధికారిణికి చేశాడు. ఆమెతో పుస్తకాల సంగతి తప్ప వేరే మాట ఎరగడు. అరగంటలో వచ్చింది. సంతకం పెట్టింది, సాయంత్రం దాకా కూర్చుంది, ఇంటి గుమ్మం దాకా దింపింది. లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారండీ అని చెప్పి, చీకటి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు.

ఫలితానికి పది రోజులన్నారు. ఆ పది రోజులూ నెల పట్టే లావు పుస్తకాలు ముట్టుకోలేదు, ఒక్క పూటలో అయ్యే సన్నవే కుట్టాడు. ఇంట్లో ఏ తాళంచెవి దేనిదో చీటీలు రాసి కట్టాడు.

పదకొండో రోజు డాక్టరు కాగితం తిప్పి చూపించాడు. "ఇది ఆ పాత జబ్బు కాదండీ. మీకిచ్చిన కీమో మందుల్లో ఒకటి ఊపిరితిత్తులను దెబ్బతీసింది. స్కానులో రెండూ ఒక్కలాగే కనబడతాయి. మాత్రలిస్తాను, చాలావరకు తగ్గుతుంది."

బయటికొచ్చి బస్టాపులో కూర్చున్నాడు. ఇంత మంచి కబురు చెప్పుకోవాలంటే ముందు ఆ భయం సంగతి చెప్పాలి. మూడు బస్సులు వెళ్లిపోయాక చెల్లెలికి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

"నేనంత పరాయిదాన్నయ్యానా అన్నయ్యా?" అంది.

"నీ ఉద్యోగం పోతుందని..."

"పోతే పోయేది. ఆసుపత్రిలో నీ పక్కన ఎవరో కూర్చున్నారు. నేను కాదు."



రెండు నెలలకు దగ్గు తగ్గింది. ఆయాసం మాత్రం పూర్తిగా పోలేదు. చెల్లెలు ఇప్పటికీ రోజూ ఫోన్ చేస్తుంది. బాగానే ఉన్నానని ఆయన నిజమే చెబుతాడు. అటునుంచి ఆమె ఏమీ అనకుండా, కాసేపు ఆయన ఊపిరి వింటుంది.