ఇద్దరం వాడిన క్రీము

డిగ్రీ అయిపోయాక తిరువూరులో మా ఇంట్లోనే కూర్చుని బ్యాంకు పరీక్షలకు చదువుకునేవాణ్ణి. అప్పటికి నా మొహం నిండా మొటిమలు. ఇంటర్లో మొదలైనప్పుడు అందరికీ ఉండేవి కాబట్టి పట్టించుకోలేదు. తర్వాత నాతో చదివినవాళ్లకు ఒక్కొక్కరికే తగ్గిపోయాయి. ఇరవై రెండేళ్లొచ్చినా నాకు మాత్రం మిగిలిపోయాయి. అవి చిన్న పొక్కులు కూడా కావు. దవడ పొడుగునా చర్మం లోపల గోలీల్లాగా గట్టిపడి, దిండు తగిలినా నొప్పి పుట్టేవి. గడ్డం గీసుకుంటే రక్తం వచ్చేది. గీసుకోకపోతే దురద.

ఎవరేది చెబితే అది చేశాను. వేపాకు నూరి పట్టించాను. ముల్తానీ మట్టి పూశాను. ఫోనులో ఎవరో చెప్పారని నిమ్మరసం రాసి, ఆ మంటకి బకెట్లో తల ముంచాను. ఊళ్లో హోమియో ఆయన ఇచ్చిన తియ్యటి గుళికలు ఏడాది పాటు చప్పరించాను. వేడి చేస్తుందన్నారని ఆవకాయ మానేశాను, వేరుశెనగలు మానేశాను, చివరికి మా తోటలో కాసిన మామిడిపళ్లు కూడా మానేశాను. ఏదీ పట్టలేదు. ఈ సంగతి మాట్లాడుకోవడానికి మనిషి కూడా లేడు. నాన్నతో ఒకసారి చర్మం డాక్టరు దగ్గరికి వెళ్తానన్నాను. మగాడికి మొహం మీద నాలుగు పొక్కులుంటే ఏం మునిగిపోయిందని అడిగాడు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

అమ్మ చూస్తూ ఉండేది. ఆమెకి ఒకప్పుడు రెండు చెంపల మీదా నల్లగా మంగు ఉండేది. తర్వాత పోయింది. ఎలా పోయిందో మేం అడగలేదు, ఆమె చెప్పలేదు. ఒకరోజు నాన్న తోటకి వెళ్లాక నా గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేసింది. కొంగు చాటు నుంచి చిన్న ట్యూబు తీసి నా పుస్తకం మీద పెట్టింది.

"పడుకునే ముందు కొంచెం రాసుకో నాన్నా. నేను వాడేదే. మీ నాన్నకి చెప్పమాక."

బస్టాండు పక్కన మందుల షాపులో ఆ క్రీము అడిగినవాళ్లకల్లా ఇస్తారు. చీటీ అక్కర్లేదు. పెళ్లికూతుళ్లు వాడతారు, కాలేజీ పిల్లలు వాడతారు. అమ్మకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

వారం తిరక్కుండానే వాపులు దిగిపోయాయి. రెండో వారానికి నా మొహం నేనే గుర్తుపట్టలేనంత నున్నగా తయారైంది. అద్దం ముందు నిలబడి దవడ మీద వేలు పెట్టి, ఒక చెవి దగ్గర్నుంచి రెండో చెవి దాకా నెమ్మదిగా జరిపేవాణ్ణి. ఎక్కడా ఏదీ తగిలేది కాదు. స్నేహితులతో టీ తాగడానికి సెంటర్లోకి వెళ్లడం మొదలుపెట్టాను. పరీక్ష దరఖాస్తుకి కొత్త ఫోటో దిగాను. అన్నం వడ్డించేటప్పుడు అమ్మ నా కంచం వంక కాకుండా నా మొహం వంక చూసేది. ఆమెకి అంత సంతోషం కలిగించిన పని నేను ఇంకేదీ చేసినట్టు గుర్తు లేదు.

నాలుగైదు నెలలకి మొహం ఎర్రబడటం మొదలైంది. ముందు ఎండలోంచి వస్తే ఎర్రబడేది. తర్వాత వేడి టీ తాగినా, మెట్లెక్కినా, ఎవరైనా గట్టిగా మాట్లాడినా భగ్గుమనేది. చర్మం పలచబడి చెంపల మీద సన్నటి ఎర్రటి నరాలు బయటపడ్డాయి. ఇదంతా క్రీము వల్లేనేమోనని రెండు రోజులు మానేసి చూశాను. మూడో రోజుకి నుదుటి నుంచి గడ్డం దాకా చీము పొక్కులు లేచాయి. పాత మొటిమలే నయమనిపించేంత మంట పుట్టింది. మళ్లీ రాశాను. తెల్లారేసరికి అణిగిపోయింది. అప్పుడర్థమైంది, ఇక నేను దాన్ని మానలేనని. రాస్తే మొహం మెల్లగా పాడవుతుంది, మానేస్తే మూడు రోజుల్లోనే పాడవుతుంది. ట్యూబు నా ప్యాంటు జేబులోకి చేరింది. ఇంట్లో ఒకటి, బ్యాగులో ఒకటి. షాపు మూసి ఉంటుందేమోనని పండగ రోజులంటే భయం పట్టుకుంది.

విజయవాడలో పరీక్ష రోజున మొహం కాలిపోతోంది. అందరూ మాస్కులు మానేసిన కాలంలో కూడా నేను పెట్టుకునేవాణ్ణి. గేటు దగ్గర కంప్యూటరు ముందు కూర్చున్న ఆవిడ మాస్కు తియ్యమంది. తీశాను. ఆవిడ తెర మీద ఉన్న ఫోటోని చూసింది, నన్ను చూసింది, మళ్లీ ఫోటోని చూసింది. అది క్రీము బాగా పనిచేస్తున్న రోజుల్లో దిగిన ఫోటో. ఆధార్ కార్డు మరోసారి అడిగింది. కార్డులో పదో తరగతి నాటి మొహం ఉంది. వెనక లైను కదలడం లేదని ఎవరో గొణిగారు. చివరికి లోపలికి పంపింది గానీ, మూడు మొహాల్లో నాది ఏదో నాకే తెలియనట్టు అనిపించింది. ఆ పరీక్ష పోయింది.

మామిడి కోతలొచ్చాయి. కూలీలు దొరకడం కష్టమై నాన్న నన్ను తోటకి రమ్మన్నాడు. పొద్దున ఎనిమిదింటికే ఎండ నా చెంపల మీద కారం పూసినట్టు పడేది. తువ్వాలు చుట్టుకున్నాను. చెట్టు నీడ నుంచి చెట్టు నీడకి తిరిగాను. కాయలు ట్రాక్టరుకి ఎత్తే వేళకి తట్టుకోలేక మోటారు గదిలో దూరాను. నాన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. నాలుగు పుస్తకాలు చదివేసరికి ఎండ కూడా పడకుండా పోయిందా అని కూలీల ముందే అన్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. అమ్మకిచ్చిన మాట అడ్డొచ్చింది. తువ్వాలు మొహం మీదికి లాక్కున్నాను.

ఇంటికొచ్చాక అమ్మ తడిగుడ్డ తెచ్చి నా మొహం మీద వేసింది. ఆ గుడ్డ కింద కళ్లు మూసుకుని ఉంటే ఒక సంగతి తట్టింది. అమ్మ పగటిపూట తోటకి వచ్చి చాలా ఏళ్లయింది. వస్తే తెల్లవారుజామునే వస్తుంది, లేదా పొద్దు వాలాక. పెళ్లిళ్లకి వెళ్లినా పందిరి లోపలే కూర్చుంటుంది. మేం ఎవ్వరం ఎందుకని అడగలేదు.

ఆ వారంలోనే, మోకాలు చూపించుకోవాలని నాన్నకి చెప్పి, అమ్మ నన్ను వెంటబెట్టుకుని విజయవాడ బస్సెక్కింది. అక్కడ చర్మం డాక్టరు ఒక నడివయసు ఆవిడ. ఏం వాడావని నన్నడిగింది. వేపాకు నుంచి మొదలుపెట్టాను. క్రీము దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయాను. అమ్మ హ్యాండ్‌బ్యాగు తెరిచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. డాక్టరు దాని వెనక ఉన్న సన్నటి అక్షరాలు చదివి, నన్ను వదిలేసి అమ్మ వంక చూసింది.

"మీరు కూడా ఇదే వాడుతున్నారా అమ్మా?"

"నా సంగతికేం లెండి మేడం. వాడికి చూడండి."

డాక్టరు లేచి వచ్చి అమ్మ భుజం పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లింది. తడి దూదితో ఆమె చెంప మీది పౌడరు తుడిచింది. కింద నా మొహమే ఉంది. అవే ఎర్రటి సన్నటి నరాలు, అదే పలచటి చర్మం. ఎన్నేళ్లుగా వాడుతున్నారని అడిగితే, వీడు పదో తరగతిలో ఉన్నప్పటి నుంచి అని అమ్మ నెమ్మదిగా చెప్పింది.

ఆ క్రీములో స్టెరాయిడ్ ఉందని, మొహానికి సొంతంగా రాసుకునేది కాదని డాక్టరు విడమరిచి చెప్పింది. నా మొటిమలు తగ్గలేదట, అణిగి కూర్చున్నాయంతే. ఇద్దరం మానెయ్యాలంది. ఆ తర్వాత అన్న మాట మాత్రం నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది.

"మానగానే ఇప్పటికంటే ఘోరంగా తయారవుతుంది. అప్పుడు భయపడి మళ్లీ రాశారంటే, మళ్లీ మొదటికొస్తారు. తగ్గడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. మధ్యలో ఆగిపోకండి."

చర్మం ఆరిపోకుండా ఒక క్రీము, ఎండకి ఒకటి, వాపు తగ్గడానికి మాత్రలు రాసింది. వేపాకు, నిమ్మకాయ, సబ్బులు అన్నీ మానమంది. మామిడిపళ్లు తినొచ్చా అని అడిగాను. నవ్వి, హాయిగా తినమంది. మానేసిన వేసవులన్నీ లెక్కకొచ్చి ఏడుపొచ్చింది.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ వైపు కూర్చుని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. మైలవరం దాటాక నా వైపు తిరిగింది. "నీకు నేనే అంటించాను" అంది. కాదని అనాలనుకున్నాను. కానీ అంటించింది ఆమే. ఆమె చెయ్యి పట్టుకున్నాను.

డాక్టరు చెప్పిందంతా జరిగింది. ఇద్దరి మొహాలూ ఒకేసారి వాచాయి. కిటికీలు మూసి, కరెంటు పోయినప్పుడల్లా తడిగుడ్డలు కప్పుకుని చెరో గదిలో పడుకునేవాళ్లం. పక్కింటావిడ గుమ్మంలోంచి మమ్మల్ని చూసి అమ్మవారు పోసిందనుకుంది. వేపమండలు గేటుకి కట్టి వెళ్లింది. దాంతో చుట్టాలెవరూ రాలేదు. మాకు కావలసిందీ అదే.

పొయ్యి దగ్గర నిలబడితే అమ్మకి మొహం ఉడికిపోయేది. నాకూ అంతే. ఒక మధ్యాహ్నం నాన్న తోట నుంచి వచ్చేసరికి వంట లేదు. ఇద్దరికీ ఒక్కసారే ఏం జబ్బొచ్చిందని అడిగాడు. అమ్మ దాచలేదు. అంతా చెప్పింది, ట్యూబు దగ్గర్నుంచి మోకాలి అబద్ధం దాకా. నాన్న మంచం పట్టె మీద కూర్చుని విన్నాడు.

"మంగుంటే ఏమైందే? నేనెప్పుడన్నా ఏమన్నా అన్నానా?"

"మీరు అనలేదు. మీ అక్కయ్య అంది, పదిమందిలో. మీరు పక్కనే కూర్చుని విన్నారు."

నాన్న లేచి కుక్కర్లో బియ్యం పెట్టాడు. నీళ్లెన్ని పొయ్యాలో నన్నడిగాడు. బండి మీద వెళ్లి కర్రీ పాయింట్ నుంచి పప్పు, వేపుడు తెచ్చాడు. ఆ తర్వాత రెండు నెలలు మా ఇంట్లో అదే భోజనం. నాతో ఎండ మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు కొంచెం నెమ్మదించే వేళకి గంపలగూడెంలో మా మేనమామ కూతురి పెళ్లి వచ్చింది. అమ్మ వెళ్లక తప్పదు. పెళ్లికి రెండు రోజుల ముందు పొద్దున్నే కాఫీ ఇస్తుంటే చూశాను. ఆమె మొహం తెల్లగా, ప్రశాంతంగా ఉంది. వాపు లేదు. నాకు వెంటనే తెలిసిపోయింది. కోపం రావాలి గదా, రాలేదు. నా వేళ్లు వాటంతటవే నా దవడ మీదికి వెళ్లాయి.

"ఎక్కడుందమ్మా అది?"

పారెయ్యడానికి అడిగానో, రాసుకోవడానికి అడిగానో ఈనాటికీ చెప్పలేను. అమ్మకి మాత్రం తెలిసినట్టుంది. నా కళ్లలోకి చూసి తల అడ్డంగా ఊపింది.

"నా పాట్లు నేను పడతాను. నీకు మాత్రం ఇవ్వను."

ఇల్లంతా వెతికాను. బీరువాలో, బియ్యం డబ్బాలో, ఆమె చీరల మడతల్లో కూడా. దొరకలేదు. పెళ్లికి నేను వెళ్లలేదు. అమ్మ వెళ్లొచ్చింది, ఫోటోల్లో బాగా వచ్చింది. వచ్చిన మర్నాటి నుంచి ఆమె మంట మొదటి నుంచి మొదలైంది. ఈసారి ఆమె ఒక్కతే. గుడ్డ తడిపి ఇవ్వడం నా వంతయింది.

చలికాలానికి నా మొహం మీద ఎరుపు తగ్గింది. అప్పుడు గానీ డాక్టరు అసలు మొటిమలకి మందు మొదలుపెట్టలేదు. ముందు పడుకునే ముందు శనగగింజంత రాసుకునే జెల్ ఇచ్చింది. దానికి దిండు గలీబుల మీద రంగు పోయి తెల్లటి మచ్చలు పడేవి. అది సరిపోక, రక్తపరీక్షలు చేయించి కొన్ని నెలలు మాత్రలు ఇచ్చింది. పెదాలు బీటలువారి నవ్వితే రక్తం వచ్చేది. ఏడాది తిరిగేసరికి కొత్తవి రావడం ఆగిపోయింది. చెంపల మీద గుంటలు మాత్రం మిగిలాయి. అవి పోవని డాక్టరు ముందే చెప్పింది.

అమ్మకి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. మంట పోయింది గానీ మంగు తిరిగొచ్చింది, మునుపటికంటే ముదురుగా. డాక్టరు ఇచ్చిన మందుతో కొంచెం పలచబడింది, అంతే.

మూడోసారి రాసిన పరీక్షలో ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు వేరే ఊళ్లో చిన్న బ్రాంచిలో పనిచేస్తున్నాను. పొద్దున మెలకువ రాగానే, కళ్లు తెరవకముందే వేళ్లు దవడ మీదికి పోతాయి. ఏమన్నా గట్టిగా తగిలితే ఆ రోజంతా కౌంటరు దగ్గర తల వంచుకునే పనిచేస్తాను. జెల్ రాసి ఊరుకోవాలని తెలుసు, ఊరుకుంటాను. కానీ ఆ రెండు మూడు రోజులు మళ్లీ ఆ గదిలో, మూసిన కిటికీల మధ్య ఉన్నట్టే ఉంటుంది.

అమ్మ ఆదివారాలు ఫోన్ చేస్తుంది. వీడియో పెట్టదు. తిన్నావా అని అడుగుతుంది, వానలు పడ్డాయో లేదో చెబుతుంది. చివర్లో మొహం ఎలా ఉందని అడుగుతుంది. బాగానే ఉందంటాను.

"నీది?" అంటాను.

"ఉందిలే" అంటుంది.