కోరుట్ల మిషిన్ల సిరిసిల్ల కుచ్చులు

మా యారాలు రాధ సంగతి చెప్పుమంటివి గదా, రాయి బిడ్డా. నేను చెప్పినట్టే రాయి, నడుమల నీ తెలివి వెట్టకు.

దానిది బోయినపల్లి. మా మర్ది ఎంకటేశాన్ని చేసుకొని సిరిసిల్లల మా ఇంటికొచ్చిననాడు దానికి అన్నం వార్చరాదు. నేనే నేర్పిన. బీడీలు మాత్రం ఆకుదిక్కు సూడకుండనే చుట్టేది, ముచ్చట పెట్టుకుంట. ఏళ్లు గంత సురుకు. నోరేమో మెత్తన. గా మెత్తటి నోటితోనే మా అత్తను మచ్చిక చేసుకున్నది. మర్ది దుబాయి పోయినంక, బీడీల పని మస్తుంటదని అది కోరుట్లల కిరాయికి దిగింది. మా అత్త "నేను చిన్నకోడలి దగ్గర్నే ఉంట" అని మూట కట్టుకొని దాని ఎంట పోయింది. ఇన్నేండ్లు గంజి కాసి పోసిందేమో నేను!

సరే పోనీ అనుకున్న. గని మర్ది దుబాయికెళ్లి బట్టలుతికే మిషిని తెచ్చిచ్చి మళ్ల పోయిండని ఇన్ననాడు నాకు ముద్ద దిగలే. ముంగట గుండ్రటి అద్దం తలుపుంటది, అండ్ల బట్టలు గిరగిర తిరుగుతుంటె కనవడ్తయి. సిరిసిల్లల కరంటు మగ్గాలు, గవే సాంచెలు, అవున్న సేట్ల ఇండ్లల్ల గూడ అసొంటిది లేకుండె. నా చేతులు సూడు, బండకేసి బాది బాది ఎట్లయినయో. దానియేమో ఇప్పటికీ పెండ్లిపిల్ల చేతులే.

గవి అన్నల దినాలు. రాధ ఇంటి ఓనరు కృష్ణారావు దొర. గొల్లపల్లి దిక్కు ఊర్లె ఆయన పొలంల అన్నలు ఎర్రజెండ పాతితె, పెండ్లాన్ని తీస్కొని కోరుట్లకొచ్చి కింద ఉంటున్నడు. పైన రాధ. ఒకనాడు పగటీలి దొర కునుకు తీస్తుండంగ, పైన మిషిని బట్టలు పిండుతందుకు దడదడలాడింది. దొర బాంబే అనుకొని, పంచె ఊడంగ బజార్లకు ఉరికిండు. ఏం లేదని మళ్ల లోపలికొచ్చి ఒరిగిండో లేదో, స్లాబుకెళ్లి సుక్క సుక్క నీళ్లు, సక్కగ ఆయన బట్టతల మీద.

గా కబురు చేరంగనే నేను కోరుట్ల బస్సెక్కిన. అత్తను సూసి రావద్దా మరి!

నేను దిగిన తెల్లారే అన్నలు బందు పెట్టిరి. బస్సులు లేవు. కరీంనగర్ నుంచి రావాల్సిన మెకానిక్ రాలే. దొర మెట్లెక్కి అచ్చిండు.

"రాధా, బందు అయిపోయెదాంక ఊకుంట. బస్సులు నడిసినంక ఒక్క సుక్క పడ్డా, మిషినన్న పోవాలె, నువ్వన్న పోవాలె."

"గట్లనకుండ్రి దొరా. ముసలామె మంచంల ఉన్నది, రోజు పక్కబట్టలు ఉతకాలె..."

"ఆమె పక్క తడిస్తె నా నెత్తెందుకు తడవాలె?" అని దిగిపోయిండు.

నిజమే, అత్త కాలిరిగి మంచానవడ్డది. మిషిని పోతె ఆమె బట్టలు, బీడీల గంప, రెండూ ఒక్కతి ఎల్లదియ్యలేదు. గది రాధ గోస. మరి మిషిని పోతె ఏడికి పోతది? మా ఇంటికే! మా నల్లా పక్కన జాగ గూడ అనుకొనే పోయిన. మాకు కింద దొర లేడు, ఎంత కారినా మోరీలకే పోతది.

రాధ ఊకోలే. ఎన్కకున్న నల్లా పైపు బిగిచ్చింది. అయినా తడే. అప్పుడు నేలంత ఆర దుడిసి, మిషిని సుట్టు, దాని కింద ముగ్గుపిండి సల్లింది.

"అక్కా, ఎప్పుడు తడుస్తదో, ఏడ తడుస్తదో సూడు. నీళ్లు వట్టేటప్పుడైతె పైపుది తప్పు. తిరిగేటప్పుడైతె తలుపుది. నీళ్లు ఇడిసేటప్పుడైతె కింది గొట్టానిది."

"నీ మిషిని, నేనెందుకు సూస్త?" అన్న. అన్న గని సూసిన. నీళ్లు వట్టింది, పిండి తెల్లగనే ఉన్నది. తిరుగుడు మొదలు కాంగనే తలుపు కింద పిండి ముద్ద ముద్దయింది.

రాధ నీళ్లు ఇడిసి, కరంటు తీసి, తలుపు సుట్టున్న రబ్బరు మడత ఇప్పి ఏళ్లతోని తడిమింది. అంత మైల, పోగులు. రబ్బరు ఏడ చినగలే. పోగులు ఏరేసి, రబ్బరు, అద్దం తుడిసి మళ్ల తిప్పితె సుక్క రాలే. అత్త మంచంలకెళ్లి "నా బంగారమా" అన్నది. నన్నేనాడన్న అన్నదా?

తెల్లారి అత్త చెద్దరేసి తిప్పితె మళ్ల కారింది. రాధ ఆడ్నే కూలవడ్డది.

"రబ్బరే పాడైనట్టుంది. దుబాయి రబ్బరు ఈడ ఏడ దొరుకుతది? ఇగ నాతోని కాదక్కా. బస్సులు నడవంగనే నువ్వే తీస్కపో."

గీ మాటకోసమే గదా నేను కాసుకొని కూసున్నది! "సరే తియ్యి, నీ బాధ సూడలేక తీస్కపోత" అన్న. మూతి ముడుసుకొని నవ్వాపుకున్న. గంతల అది మడతలకెళ్లి మళ్ల పోగులు గుంజుకుంట, "ఏడికెళ్లి అస్తున్నయో, అంగట్ల దొరికే పాడు నూలు" అన్నది.

నాకు సర్రుమన్నది.

"అంగట్ల నూలా? కండ్లున్నయా నీకు? మీ బావ చేతిమగ్గం మీద కూసోని అత్త కోసం నేసిన చెద్దరు కుచ్చు గది! నేనే పేని ముడేసిన. ఎరుపు సూడు, ఇన్ని ఉతుకులకు గూడ దిగలే. ఏ అంగట్ల దొరుకుతదే గిసొంటిది?"

"కుచ్చా?" అన్నది. వంగి సూసింది. మిషిన్లున్న చెద్దరు కుచ్చు రబ్బరుకు, అద్దానికి నడుమ ఇరికి నాలికోలె బయటికి అచ్చి ఉన్నది. నీళ్లు గా పోగు ఎంబడే జారుతున్నయి. రాధ నా మొకం సూసి పడి పడి నవ్వింది.

"అక్కా, దొర నెత్తి తడిపింది నువ్వే!"

కుచ్చులన్ని లోపలికి మలిసి, సూది తీస్కొని కుట్టేసింది. కొత్తగ పిండి సల్లి తిప్పింది. పిండి పొడిపొడిగనే ఉన్నది. దొర అచ్చి సూసి, "ఏంది, మిషినికి ముగ్గేసి పూజ చేస్తున్నరా?" అని, నెత్తి తడుముకొని, ఏం దొరకక దిగిపోయిండు.

బందు అయిపోయింది. మిషిని ఆడ్నే ఉన్నది. రాధ నా చీరలు గూడ అండ్లేసి ఉతికి, మడతవెట్టి సంచిల పెట్టింది. బస్సుల ఆటి వాసన సూసుకుంట అచ్చిన. మంచి వాసనే. గదే నా కడుపుమంట. గానాడు నా నోరు జర మూసుకుంటె మిషిని నాది గాకపోవునా!

బస్సెక్కేటప్పుడు ఏమన్నదో ఎరుకేనా? "అక్కా, బావనడిగి ఇంకో రెండు చెద్దర్లు నేపిచ్చి పంపు, కుచ్చులు లేకుండ."

పంపిన. జానెడు కుచ్చులు పెట్టి పంపిన. కుట్టుకోనీ, సూదున్నది గదా దాని దగ్గర.